ఎండిపోలేదు... పడుకుంది!

మూడేళ్ల కిందటి మాట. డిసెంబరులో మా అమ్మ నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చింది. పొద్దున్నే బాల్కనీలోకి వెళ్లి, గ్రిల్లుకు వేలాడుతున్న ఒక ఆర్కిడ్ కుండీ దగ్గర ఆగిపోయింది. అందులో ఆకులన్నీ పండి పసుప్పచ్చగా వాలిపోతున్నాయి. రెండు అప్పటికే నేల మీదున్నాయి. ‘‘దీనికి నీళ్లు పోస్తలేవేందిరా? పాపం, ఎట్ల ఎండిందో చూడు’’ అంది. దాన్ని ముట్టుకోవద్దని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయాను. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. అక్కడే చెడింది.

అమ్మ ఉన్న ఇరవై రోజులూ ఆ కుండీకి రోజుకో చెంబు అందింది. సంక్రాంతికి ఆమెతో పాటే ఊరెళ్లి, తిరిగొచ్చాక చూస్తే మూడు బల్బుల్లో రెండు నల్లబడ్డాయి. వేలితో నొక్కితే బాగా మాగిన సపోటాలా లోపలికి దిగబడి, పులిసిన వాసన వేశాయి. పెంచేవాళ్లు బల్బు అంటారు కానీ అది దుంప కాదు, నీళ్లు దాచుకోవడానికి ఉబ్బిన కాండం. నీళ్లు చాలక పోలేదు ఆ రెండూ. నిద్రలో ఉన్నవాటి నోట్లో నీళ్లు పోసి చంపాం.

వేప ఆకు రాలిస్తే, రావి ఆకు రాలిస్తే ఎవరూ బెంగపెట్టుకోరు. శిశిరం అనుకుని ఊరుకుంటాం. ఆ పని కుండీలో మొక్క చేస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. మొదట చెంబు, తర్వాత ఎరువు, ఆ తర్వాత చెత్తబుట్ట. మన ఇళ్లలో ఆర్కిడ్లు ఎక్కువగా పోయేది ఈ వరసలోనే.

ఆ మొక్క పేరు ఫ్రెడ్‌క్లార్కియారా. నోరు తిరగని పేరే. కాలిఫోర్నియాలో ఆర్కిడ్లను సంకరపరిచే ఫ్రెడ్ క్లార్క్ పేరు మీద ఏర్పడ్డ కృత్రిమ జాతి అది. కాటసీటం, క్లోవీసియా, మార్మోడిస్ అనే మూడు జాతుల రక్తం కలిస్తే పుట్టింది. అందులో ‘ఆఫ్టర్ డార్క్’ అనే సంకరం పెంపకందార్లందరికీ కలల పువ్వు. నలుపంటే నలుపే. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే నేరేడుపండు రంగు కనిపిస్తుంది.

ఈ మూడు జాతుల సొంతూళ్లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న వేడి అడవులు. వానలున్నన్నాళ్లూ ఆకలిగొన్నదానిలా పెరుగుతాయి. ఒక్క కారులో మొలక కాస్తా అరటికాయంత బల్బు అవుతుంది. వానలు వెనకపట్టగానే ఆకులు దులిపేసుకుని, ఉన్న నీళ్లు ఒంట్లో దాచుకుని ముడుచుకుంటాయి. నిద్ర మూడింటికీ ఉంది. తేడా పూత దగ్గర. కాటసీటంలు ఎక్కువగా ఆకులుండగానే పూస్తాయి. మార్మోడిస్‌లు ఆకు రాలే వేళకో, రాలిపోయాకో పూస్తాయి. క్లోవీసియా పూలు బోడి బల్బు అడుగు నుంచి గుత్తులుగా కిందికి వేలాడతాయి. ఈ మూడు పంచాంగాలూ ఒకే ఒంట్లో చేరితే ఏమవుతుంది? పైన ఆకులు పండి రాలుతుంటే, కింద పూలకాడ పొడుచుకొస్తుంది. ఒకే ఇంట్లో ఒకే రోజు చావూ పెళ్లీ.

మిగిలిన ఆ ఒక్క బల్బునూ తడి తగలకుండా పొడిగా పెట్టాను. ‘శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది’ అంటారే, సరిగ్గా ఆ రోజుల్లో దాని మొదట్లో ఒక కన్ను పచ్చగా ఉబ్బింది. చెరకు ముక్కకు కణుపు దగ్గర ఉంటుందే, అలాంటి కన్ను. అప్పుడు పోయవచ్చా నీళ్లు? అప్పుడూ కాదు. మొలక పాత బల్బులో దాచిన నీళ్లు తాగుతూ లేస్తుంది. కొత్త వేర్లు బెత్తెడు పొడవు దాటేదాకా ఆగాలి. ఈలోపు పోస్తే, తాగే వేరు లేక, నీళ్లు మొలక చుట్టూ నిలిచి కుళ్లబెడతాయి. మొలక వచ్చాక కూడా నెలా నెలన్నర చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆర్కిడ్ల పెంపకంలో అన్నిటికన్నా కష్టమైన పని నా దృష్టిలో ఇదే, ఏమీ చేయకుండా ఉండటం.

ఈ సంగతి అమ్మకు ఫోన్‌లో చెప్పడానికి తంటాలు పడ్డాను. సుప్తావస్థ అన్నాను, నిద్ర అన్నాను, ఊఁ కొట్టింది కానీ నమ్మలేదు. చివరికి మా బత్తాయి తోట గుర్తొచ్చింది. పూత రావాలంటే చలికాలంలో కొన్నాళ్లు తోటకు నీళ్లు బంద్ చేసి చెట్లను వాడనిచ్చేవాడు నాన్న. ఆకు ముడుచుకుని కొంత రాలిపోయాక మళ్లీ తడి పెడితే తోటంతా పూత విరగబడేది. ‘‘గా ముక్క ముందుగాల చెప్పొద్దా!’’ అంది అమ్మ. ఆ మరుసటి ఏడు వచ్చినప్పుడు ఆ కుండీ దగ్గరికి నన్నే రానివ్వలేదు. కొత్త వేరు పక్కన నాలుగు వేళ్లు ఆనించి కొలిచి, ‘‘ఇంక రెండు వేళ్లంత తక్కువున్నది’’ అని చెప్పింది.

కాటసీటం గురించి ఇంకో ముచ్చట చెప్పి ముందుకు పోతాను. ఇందులో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. రెండింటికీ పోలికే ఉండదు. ఎంత తేడా అంటే, వీటి రకరకాల పూలను చూసి పందొమ్మిదో శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞులు మూడు వేరువేరు జాతులుగా పేర్లు పెట్టేశారు. అవన్నీ ఒకే మొక్క మగ, ఆడ, ద్విలింగ రూపాలని 1862లో డార్విన్ తేల్చాడు. నీడలో ఉంటే ఎక్కువగా మగపూలే పూస్తుంది, బాగా ఎండ తగిలి బలంగా ఉంటే ఆడపూలు వేస్తుంది. మగపువ్వు మీద తేనెటీగ వాలి మీట తాకిందంటే పుప్పొడి ముద్ద తుపాకి గుండులా దాని వీపు మీద అతుక్కుంటుంది. పెన్ను మొనతో తాకితే మన వేలి మీదా అతుక్కుంటుంది. అనుభవం మీద చెబుతున్నాను.

పేరుబిళ్లే జాతకం

ఇళ్లలో పెరిగే ఆర్కిడ్లలో అడవి నుంచి నేరుగా వచ్చినవి బహు తక్కువ. మనుషులు సంకరం చేసిన తొలి ఆర్కిడ్ 1856లో పూసింది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పట్టణంలో వీచ్ కుటుంబం నర్సరీలో జాన్ డొమినీ అనే తోటమాలి, ఆ ఊళ్లోనే ఉన్న జాన్ హారిస్ అనే వైద్యుడి సలహాతో రెండు కలాంథే రకాలను కలిపాడు. ఆ పువ్వుకు అతని పేరే పెట్టారు, ‘కలాంథే డొమినీ’ అని. 1906 నుంచి ఈ సంకరాలన్నిటినీ ఒక చిట్టాలో ఎక్కించడం మొదలైంది. ఇప్పుడు ఆ చిట్టాను లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నడుపుతోంది. లక్షకు పైగా పేర్లున్నాయి అందులో. ప్రతి పేరుకూ తల్లి ఎవరో తండ్రి ఎవరో ఉంటుంది. తాతముత్తాతల దాకా వెనక్కి వెళ్లొచ్చు. ఇంత పక్కాగా వంశవృక్షం రాసిపెట్టుకున్న పంట మరొకటి నాకు తెలియదు.

ఆ చిట్టా పెద్దమనుషుల సరదా కాదు. మొక్క ఎప్పుడు పడుకుంటుందో, ఎంతసేపు పడుకుంటుందో చెప్పే జాతకం. పేరు చూసి తాతలు ఏ అడవి వాళ్లో పట్టుకుంటే, అక్కడ వానలెప్పుడో చలెప్పుడో తెలుస్తుంది. కాకపోతే జాతకాల్లాగే ఇదీ పూర్తిగా ఫలించదు. ఒకే కాయలో పుట్టిన అక్కాచెల్లెళ్లలో ఒకతి తల్లి పోలికతో ఆకు రాలుస్తుంది, ఇంకొకతి తండ్రి పోలికతో ఏడాదంతా పచ్చగా ఉంటుంది. మరొకతి సగం ఆకులు రాల్చి, నిద్రా మెలకువా కాని మగతలో చలికాలం వెళ్లదీస్తుంది. ఈ మూడో రకంతోనే చిక్కు. వాటికి నీళ్లు ఆపకూడదు, పోయకూడదు. పదిరోజులకోసారి బల్బు ముడతలు చూసి నాలుగు చుక్కలు చిలకరించాలి.

మన దగ్గర కుండీతో పాటు వచ్చే బిళ్ల మీద చాలాసార్లు ‘డెండ్రోబియం’ అని మాత్రమే ఉంటుంది. పోయిన పండక్కి కొన్నదానికైతే ‘ఆర్కిడ్ – పర్పుల్’ అని రాసుంది. మనిషి పేరు అడిగితే ‘తెల్లచొక్కా’ అని చెప్పినట్టు.

ఒకే ఇంటిపేరు, రెండు అలవాట్లు

డెండ్రోబియం అన్న మాట ఎంత మోసం చేస్తుందో చూడండి. మన నర్సరీల్లో ఈ ఇంటిపేరుతో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి నోబిలే సంతతి. నోబిలే సిక్కిం రాష్ట్ర పుష్పం, హిమాలయాల దిగువ కొండల మొక్క. అక్కడ చలికాలం చల్లగా, పొడిగా ఉంటుంది. కాడలు ఆకులు దులుపుకుని, చలికి వణికి, ఎండాకాలం మొదట్లో బోడి కణుపుల నుంచి పూస్తాయి. రెండోది వ్యాపారులు ‘డెన్‌ఫాల్’ అని పిలిచే రకం. పెళ్లి మండపాల్లో, బొకేల్లో మనం చూసే ఊదారంగు పూలు ఎక్కువగా దీనివే. దీని పెద్దలు ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న వేడి నేలలవాళ్లు. రాత్రిళ్లు 15 డిగ్రీల కిందికి దిగితే ఇది అలిగి ఆకులు రాలుస్తుంది. మొదటిదానికి పూతకు కావలసిన చలి, రెండోదానికి జబ్బు.

మా కాలనీలో ఒకాయన నోబిలే సంకరం తెచ్చి, దాన్ని డెన్‌ఫాల్ లాగే చలికాలమంతా తడుపుతూ, వారం వారం నత్రజని ఎరువు వేస్తూ సాకారు. ఫిబ్రవరిలో కణుపు కణుపుకూ మొగ్గలు ఉబ్బాయి. అందరినీ పిలిచి చూపించారు. మార్చికి ఆ మొగ్గలన్నీ ఆకులు విప్పి, తెల్లటి వేర్లు దించాయి. లెక్కపెడితే పదకొండు పిలకలు. ఒక్క పువ్వు లేదు. నోబిలే కణుపులో ఉన్న మొగ్గ మొదట్లో ఏదీ తేల్చుకోకుండా ఉంటుంది. చలీ కరువూ తగిలితే పువ్వవుతుంది, కడుపునిండా తిండీ నీళ్లూ దొరికితే పిలక అవుతుంది. హవాయిలో ఇలాంటి పిలకను ‘కేకీ’ అంటారు, వాళ్ల భాషలో పిల్ల అని అర్థం. ఆర్కిడ్లు పెంచేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఈ మాటే వాడతారు. మనకు అరటిపిలక ఉండగా ఆ మాటతో పనేముందని నా వాదన. ఆయన మాత్రం బాధపడలేదు. పదకొండూ విడదీసి కాలనీ అంతా పంచారు.

డెన్‌ఫాల్ దగ్గర చేసే తప్పు వేరు. పూత అయిపోయి ఆకులు రాలిన పాత కాడలను శుభ్రం పేరుతో మొదలంటా కోసేస్తారు. ఆ బోడి కాడలు తర్వాతి రెండు మూడేళ్లు కూడా కొస నుంచి మళ్లీ పూయగలవు. పూయకపోయినా కొత్త మొలకకు నీళ్లూ పిండిపదార్థమూ వాటి నుంచే. కుండీ మార్చేటప్పుడు వెనకటి బల్బులను రెండు మూడేసి చొప్పున విడదీసి పక్కన పెడితే, ఏళ్లుగా ఉలుకూ పలుకూ లేని కన్ను మేల్కొంటుంది. ముందున్న మొలక బతికున్నంత కాలం వెనకవాటిని లేవనివ్వదు. దాని పెత్తనం తెగితేనే వీటికి తెల్లారుతుంది.

చల్లదనం కోసం కొండెక్కిన కుండీలు

సూపర్ మార్కెట్ నుంచి పెళ్లి బహుమతి దాకా అంతటా కనిపించే ఫెలనాప్సిస్‌కు బల్బు లేదు. నీళ్లు దాచుకునే సంచి లేనిది పడుకోలేదు. కాబట్టి దీనికి నిజమైన నిద్ర ఉండదు. ఒకే మొవ్వు నుంచి ఒక ఆకు తర్వాత ఒక ఆకు వేస్తూ పోతుంది. మరి చాలా ఇళ్లలో కొన్ననాటి పూలు రాలాక ఏళ్ల తరబడి ఆకులు తప్ప పువ్వెందుకు కనిపించదు? వేడి వల్ల. పగటి ఎండ 28 డిగ్రీలు దాటుతూ ఉంటే దీనికి పూలకాడ రాదు. కొన్ని వారాలు చల్లబడితేనే ఆకు మొదట్లో దాగిన మొగ్గ కదులుతుంది. తైవాన్‌లో ఈ మొక్కల పెంపకం పెద్ద పరిశ్రమ. అక్కడి రైతులు కుండీలను లారీల్లో కొండల మీదికి చేర్చి, చల్లటి గాలి తగిలించి, కాడ పొడిచాక కిందికి దించేవారు. ఇప్పుడు ఆ కొండను ఏసీ షెడ్లలోనే కట్టుకుంటున్నారు.

హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతాయి కాబట్టి మాకు జనవరిలో కాడలు కనిపిస్తాయి. విజయవాడలో మా చెల్లెలి ఇంట్లో అదే మొక్క, అదే నర్సరీది, మూడేళ్లుగా పూయలేదు. అక్కడ జనవరి మధ్యాహ్నం కూడా 30 డిగ్రీల దాకా పోతుంది. ఏసీ గదిలో కిటికీ పక్కన నెలన్నర పెట్టి చూడమన్నాను. ‘‘మీ బావకే ఏసీ వేయనివ్వను, దీనికి వేస్తానా అన్నయ్యా’’ అంది. అయినా వేసింది. ఫిబ్రవరి మొదట్లో ఫొటో పంపింది. ఆకు చంకలో నుంచి ఏదో పొడుచుకొచ్చింది, వేరా కాడా తెలియడం లేదు. వేరు కొస గుండ్రంగా మెరుస్తుంది. కాడ కొస కాస్త చదునుగా, చిలకముక్కులా వంగి ఉంటుంది. అది చిలకముక్కే. కాకపోతే మార్చిలో ఎండలు ముదిరి, కరెంటు బిల్లు చూసి మొక్కను మళ్లీ బాల్కనీలో పెట్టేసరికి ఆ కాడ మీద మొగ్గలకు బదులు ఒక పిలక లేచింది. కాడ లేతగా ఉండగా వేడి తగిలితే ఫెలనాప్సిస్ ఇలా మనసు మార్చుకుంటుంది.

చలి ఒక్కటే కాదు, చీకటి కూడా కావలసినవి ఉన్నాయి. కాట్లియాల్లో లేబియాటా అనే బ్రెజిల్ రకం పగలు పొట్టిబడితేనే పూస్తుంది. దాని సంతతిలో ఆ అలవాటు దిగినవాటికి రాత్రిపూట లైటు పడితే చాలు, మొగ్గ కోసం సిద్ధం చేసుకున్న పచ్చటి తొడుగు ఖాళీగా ఎండిపోతుంది. మా వీధి స్తంభానికి తెల్లటి ఎల్‌ఈడీ దీపం బిగించిన ఏడాది నా కాట్లియా పూయలేదు. కారణం అదేనని ప్రమాణం చేసి చెప్పలేను కానీ, మరుసటి ఏడు వెనక బాల్కనీలోకి మార్చాక పూసింది.

సామర్లకోట బదనిక

ఇదంతా పరదేశపు మొక్కల గొడవ అనుకోకండి. చింతచెట్ల మీద, పాత మామిడి కొమ్మల మీద పట్టుకుని పెరిగే బదనికలను పల్లెల్లో తిరిగినవాళ్లు చూసే ఉంటారు. బదనిక అంటే కొందరు పరాన్నజీవి అంటారు. ఆర్కిడ్ బదనిక చెట్టు రసం పీల్చదు, దాని మీద కూర్చుంటుందంతే. వాటిలో ఒకదాన్ని లోకానికి పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో పదేళ్లకు పైగా ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో మొదలైన ఆయన బొమ్మల గ్రంథంలో ఇది ఉంది. ఇప్పటి పేరు వాండా టెసలేటా. వాండా అన్నది సంస్కృతంలోని ‘వందా’యే. పసుపు, గోధుమ గళ్ల రేకులు, నీలి పెదవి, మత్తు వాసన. ఆ వాసన కోసమే దీన్ని సంకరాల్లోకి లాగారు. ‘మిమీ పామర్’ అనే పేరున్న వాండా సంకరం దీని బిడ్డే.

వాండాకూ బల్బు లేదు. మరి ఏప్రిల్, మే నెలల్లో చింతచెట్టు మీద నీటిచుక్క లేకుండా ఎలా ఉంటుంది? దాని వేరుకొస చూడండి. తడి అందుతున్నప్పుడు కొస అంగుళం మేర ఆకుపచ్చగా, తేమగా మెరుస్తుంది. కరువు ముదిరితే వేరు మీదుండే తెల్లటి స్పాంజి తొడుగు కొసను కూడా కప్పేసి మూసేస్తుంది. ఆకులు అలాగే ఉంటాయి, నిద్ర మాత్రం వేర్లలో జరుగుతుంది. కుండీలో ఏ ఆర్కిడ్‌కైనా ఈ పరీక్ష పనికొస్తుంది. కొస పచ్చగా ఉంటే మెలకువ, తెల్లగా మూసుకుంటే కునుకు. నేను చెంబు పట్టుకునే ముందు ఆకు వైపు చూడటం మానేసి వేరు వైపు చూడటం మొదలుపెట్టాక మొక్కలు పోవడం తగ్గింది.

తూర్పు కనుమల్లో నెర్విలియా అనే నేల ఆర్కిడ్ ఉంది. దాని తీరు ఇంకా విచిత్రం. తొలకరి పడగానే నేలలోంచి ఆకు లేకుండా పువ్వు ఒక్కటే వస్తుంది. పువ్వు వాడాక ఒక ఆకు వస్తుంది. ఒకే ఒక్క ఆకు. వానలు పోయాక అదీ మాయమై, మిగతా ఏడంతా మట్టిలో గోలీకాయంత దుంప.

పుస్తకాల్లో లేని నిద్ర

ఆర్కిడ్ పుస్తకాలు చలికాలంలో విశ్రాంతి ఇవ్వమంటాయి. వాటిని రాసినవాళ్లు ఇంగ్లండ్, అమెరికా వాళ్లు. కిటికీ అవతల మంచు పడుతుంటే గాజు గదిలో మొక్కలు పెంచినవాళ్లు. మన దక్కన్‌లో చలికాలం చాలా ఆర్కిడ్లకు హాయి. అసలు పరీక్ష ఏప్రిల్, మే. ఫెలనాప్సిస్, కాట్లియా, వాండాలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరిచి గాలి పీలుస్తాయి. పగలు 42 డిగ్రీలు, రాత్రి కూడా 28, గాలిలో తేమ నామమాత్రం అయినప్పుడు రాత్రి కూడా అవి తలుపు సరిగ్గా తెరవవు. పెరుగుదల ఆగిపోతుంది. అప్పుడు ఎరువు వేస్తే ఉప్పు పేరుకుని వేరు మాడుతుంది. నేను ఉగాది తర్వాత ఎరువు డబ్బా అటక మీద పెట్టేస్తాను. మృగశిర కార్తె దాటాక దించుతాను. సాయంత్రం నేల మీద నీళ్లు చల్లి, షేడ్‌నెట్ ఇంకో మడత వేయడం తప్ప మే నెలలో చేయగలిగింది లేదు.

దీంతో కొన్ని సంకరాలకు ఏడాదికి రెండు నిద్రలు వచ్చిపడ్డాయి, తాతల నుంచి వచ్చిన చలికాలపు నిద్ర ఒకటి, మనం అంటగట్టిన వేసవి కునుకు ఒకటి. ఫ్రెడ్‌క్లార్కియారా గతి మరీ ఘోరం. అది లేచేదే శివరాత్రికి, వేర్లు దించేసరికి ఉగాది. లేత ఆకు విప్పగానే వడగాలి. దాని తాతల సొంతూళ్లలో నిద్ర లేచిన వెంటనే వానలు. మన దగ్గర మధ్యలో రెండు నెలల నిప్పుల గుండం. ఆ రెండు నెలలూ దాన్ని స్నానాల గది కిటికీలో దాస్తున్నాను. తేమ ఉంటుంది, వెలుతురూ ఫరవాలేదు. పోయిన నవంబరులో ఆకులు రాలుస్తూ పూసింది. ఏడు నల్లటి పూలు. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. ‘‘బాగనే ఉన్నయి గని, గుమ్మం కాడ పెట్టకు’’ అంది.

ఆ ‘ఆర్కిడ్ – పర్పుల్’ సంగతి మాత్రం ఇంకా తెగలేదు. కాడ నోబిలేలా మెత్తన, పూసింది డెన్‌ఫాల్‌లా కొసన. ఇలాంటి అనామకాలను మా పెంపకందార్లు ‘నోఐడీ’ అంటారు. డిసెంబరు చలికి ఇది చెక్కుచెదరలేదు, మే ఎండకు కొత్త కాడ వేసింది. వానలు జోరుగా కురుస్తుంటే, అన్నీ ఆబగా పెరిగే ఆగస్టులో, ఉన్నట్టుండి ఆకులన్నీ రాల్చింది. బల్బు గట్టిగానే ఉంది. వేరుకొసలు తెల్లగా మూసుకున్నాయి. భూమ్మీద ఏ మూల ఎండాకాలమో అది. నీళ్లు ఆపి, వాన తగలకుండా గోడవారకు జరిపాను. మొన్న అమ్మ వచ్చినప్పుడు కాసేపు దాని ముందు నిలబడి, బల్బును రెండు వేళ్లతో నొక్కి చూసి, ‘‘దాని గోత్రమేందో ఎరికయ్యేదాక జోలికి పోకు’’ అని చీర కొంగుతో చేయి తుడుచుకుంది.